వాతావరణంపై చర్చ, రొట్టెలు కలవు

ఆ శుక్రవారం పొద్దున టోర్కిల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉత్తర ఐరోపాలోని యూట్లండ్‌లో ఒక విశ్వవిద్యాలయంలో ఆయన సామాజిక శాస్త్రాల విభాగానికి అధిపతి. భూమి వేడెక్కడం గురించి జనం ఏమనుకుంటున్నారో అడగడం ఆయన వృత్తి. వాళ్ళు చెప్పేది వినే అలవాటు మాత్రం ఆయనకు లేదు.

సోమవారం డీన్ కొత్త వాతావరణ పరిశోధన కేంద్రానికి డైరెక్టర్‌ని ఎంపిక చేస్తారు. విభాగమంతా అందులోకే మారుతుంది. పోటీలో ఉన్నది ఇద్దరే: టోర్కిల్, ఆయన కింద పనిచేసే బెనెడిక్టె. ఆమెకు వస్తే జనం ఊపిరి పీల్చుకుంటారు. ఆయనకు వస్తే రిటైరయ్యేదాకా ఆయన నోటికి బలి.

తన సిబ్బందితోనే వాతావరణ మార్పు మీద ఒక నమూనా చర్చ జరిపించి, ఆ రికార్డింగును డీన్‌కు వినిపిద్దామని టోర్కిల్ ఆలోచన. తనుంటే జనం బిగుసుకుంటారని బయటినుంచి అస్గర్ అనే నిర్వాహకుణ్ణి పిలిపించాడు. ప్రకటన పని కార్యదర్శి యూటెకు అప్పగించాడు. యూటెకు మాటల పొదుపు ఎక్కువ. "వాతావరణంపై చర్చ. రొట్టెలు కలవు" అని రాసి తలుపుకు అంటించి ఊరుకుంది.

కొంప మునిగింది ఇక్కడే. ఇక్కడి భాషలోనూ భూమికి ఉండేది వాతావరణమే, ఆఫీసులో ఉండేదీ వాతావరణమే. ఆఫీసులో వాతావరణం బాగోలేదు, ఒక చర్చ పెట్టించమని సిబ్బంది ఎన్నాళ్ళుగానో డీన్ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నారు. హమ్మయ్య, ఇన్నాళ్ళకు డీన్ మన మొర ఆలకించిందని అందరూ సంబరపడి వచ్చి కూర్చున్నారు. యూటె కూడా ఒక రొట్టె తీసుకుని కూర్చుంది.

"పేర్లు ఎత్తొద్దు. మనసులో ఉన్నది చెప్పండి. వాతావరణం ఎలా ఉంది?" అన్నాడు అస్గర్.

"ఎలా ఉండడమేంటి? ఏటికేడు వేడెక్కిపోతోంది. పొద్దున మొదలైతే సాయంత్రం దాకా ఊపిరాడదు."

"దీనికి మనిషే కారణమంటారా?"

"మనిషి కాక దెయ్యమా?"

"ఇక్కణ్ణుంచి వలస పోదామని ఎప్పుడైనా అనిపించిందా?"

"రోజూ!" అన్నారందరూ ఒక్క గొంతుతో.

బెనెడిక్టె కళ్ళు తుడుచుకుంది. "అందరికీ తెలుసు. ఒక్కరూ నోరు మెదపరు. అదే నా బాధ," అంది. ధ్రువపు ఎలుగుబంట్ల కోసం ఇంతలా కుమిలిపోయే మనుషుల్ని అస్గర్ తన జన్మలో చూడలేదు.

టోర్కిల్ రికార్డింగు సగం విని ఎగిరి గంతేశాడు. "యూటె! విన్నావా? అంతా నా శిక్షణే!"

"టోర్కిల్, చివరిదాకా విన్నావా? అసలు మేం మాట్లాడింది..."

"మిగతా సగం మాత్రం వేరేగా ఉంటుందా? నువ్వెళ్ళి కాఫీ సంగతి చూడు."

ఇక్కడ అందరూ అందరినీ నువ్వనే పిలుస్తారు. నోరు మూయించే హక్కు మాత్రం అందరికీ ఉండదు.

సోమవారం డీన్ విబెకె ముందు సిబ్బందినంతా కూర్చోబెట్టి టోర్కిల్ రికార్డింగు పెట్టాడు. మధ్యమధ్యలో ఆపి వ్యాఖ్యానం కూడా చేశాడు. "చూశావా విబెకె, మూలం మనిషే! ఆ మూలాన్ని పీకి పారెయ్యాలి. మొహమాటం పనికిరాదు!"

విబెకె కనుబొమలు పైకి లేచాయి. రికార్డింగు ఆయన వినని సగంలోకి వెళ్ళింది. యూటె గొంతు ఖంగుమని మోగింది. "శుక్రవారం అందరికీ రొట్టెలు తెచ్చే వంతు తనకొచ్చిందంటే చాలు, పంటి నొప్పి వచ్చేస్తుంది! ఇంకొకళ్ళు తెస్తే మాత్రం జున్ను రెండేసి ముక్కలు లాగిస్తాడు!"

ఈ దేశంలో పన్ను ఎగ్గొట్టినవాడినైనా క్షమిస్తారు గానీ, రొట్టెల వంతు ఎగ్గొట్టినవాణ్ణి క్షమించరు. ఆ ఎగవేతదారు ఎవరో గదిలో అందరికీ తెలుసు. టోర్కిల్‌కు కూడా అప్పుడే తెలిసింది. పాపం, మొహంలో నెత్తురు చుక్క లేదు.

విబెకె రికార్డింగు ఆపేసింది. "ఇప్పుడే తేల్చేద్దాం. మీరు చెప్పింది ఏ వాతావరణం గురించి? ఒక్కరు నిజం చెప్పండి చాలు, కేంద్రం బెనెడిక్టెకి ఇచ్చేస్తాను."

టోర్కిల్ ఒక్కొక్కరి మొహంలోకీ చూశాడు. ఒక్కొక్కరూ నేలచూపులు చూశారు.

"నేను సముద్రమట్టం గురించి," అన్నాడొకడు.

"నేను వడగాడ్పుల గురించి," అంది ఇంకొకావిడ.

"మరి ఆ జున్నేంటి యూటె?" అంది విబెకె.

"ఆవుల వల్ల కూడా భూమి వేడెక్కుతుంది కదా... అందుకని జున్ను..."

ఛీ, ఇంత చదువూ ఎందుకు తగలెయ్యనా!

ఇక మిగిలింది బెనెడిక్టె. కళ్ళముందు సముద్రం గట్టు తెగుతున్నా మార్పుకు జడిసి ఊరొదలని తీరప్రాంత రైతులు పిరికివాళ్ళని లావుపాటి గ్రంథం రాసి డాక్టరేటు పుచ్చుకున్న మనిషి. అందరూ ఆమె వైపు ఆశగా చూశారు. ఆమె నోరు తెరిచింది. టోర్కిల్ కళ్ళద్దాలు సర్దుకున్నాడు. అంతే.

"నేనా? నేను... మంచు కరగడం గురించి," అంది.

సాయంత్రానికి టోర్కిల్ డైరెక్టరయ్యాడు. "మీ ఆవేదన నా మనసును తాకింది," అని సిబ్బందికి చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బెనెడిక్టె అందరికంటే గట్టిగా కొట్టింది.

కేంద్రంలో మొదటి పరిశోధన ఆమెకే అప్పగించారు: ముప్పు ముంచుకొస్తోందని తెలిసీ జనం నోరెందుకు విప్పరు?