కదలకుండా తెచ్చిన రక్తం

ఆ గురువారం పొద్దున సిద్దిరాములు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. గౌడవెల్లిలో రక్తం సీసాల డబ్బా ఎక్కించుకోవాలి, తుర్కపల్లి ల్యాబులో దించాలి, క్యాంటీన్లో వేడి వేడి ఉప్మా తినాలి. పదకొండేళ్లుగా ఆ ల్యాబుకు క్యాబు నడుపుతున్నాడు. గుంత కనబడితే తప్పించే అలవాటు మాత్రం లేదు, ఎగిరి దాటడమే!

ఆ ఎగురుళ్లకే పోయిన రెండుసార్లూ తెచ్చిన రక్తం పాడైంది. ల్యాబులో పరిశోధన చేసే స్నిగ్ధ మేడం తల పట్టుకుంది.

"రక్తంలో మైక్రో ఆర్ఎన్ఏలని ఉంటాయి సిద్దిరాములు గారూ. ఒక కణం ఇంకో కణానికి రాసి పంపే చిన్న చిన్న చీటీలనుకోండి. జబ్బు బయటపడక ముందే వాటిలో జాడ దొరకొచ్చు. మీరు గుంతల్లో ఎగరేస్తే ఎర్ర కణాలు పగిలి, వాటి చీటీలు కూడా వచ్చి కలుస్తాయి. ఇక ఏది ఎక్కడిదో ఎవరికి తెలుస్తుంది? రెండు గంటల్లో తెండి, కానీ కదలకుండా తెండి."

మూడోసారి పాడైతే క్యాబు మార్చేస్తామని ఆఫీసువాళ్లు చెప్పేశారు. దానికి తోడు, గౌడవెల్లిలో రక్తం ఇస్తున్న యాదవ్వ స్వయానా అతని అత్త.

"రెండుమార్లు సూది గుచ్చిపిచ్చుకున్న. గిది గూడ ఖరాబ్ చేసినవనుకో అల్లుడూ, మళ్ల నా గడప తొక్కకు," అంది యాదవ్వ చేతికి దూది అదుముకుంటూ.

సిద్దిరాములు డబ్బాకు కొత్త తెల్ల తువ్వాలు చుట్టి, ముందు సీట్లో పెట్టి బెల్టు బిగించాడు. ఎండ పడకుండా వెనక తెరలన్నీ వేశాడు. కారు నాలుగు మూలలా హెచ్చరిక లైట్లు మిణుకుమిణుకుమంటుండగా పదిహేను స్పీడులో బయలుదేరాడు. పొద్దున పూజలో వేసిన బంతిపూల దండ బానెట్ మీద అలాగే ఉంది.

ఎంత హాయిగా ఉందా ప్రయాణం! ఇన్నేళ్లలో ఆ దారిని అతను చూడనే లేదు. మంచు పొలాల మీద నుంచి ఇంకా లేవలేదు. కొంగలు మడుల్లో నిలబడి ఏదో మరిచిపోయినట్టు ఆలోచిస్తున్నాయి. పక్క సీట్లో అత్త చీటీలు మెల్లగా తేలుతున్నట్టు అనిపించింది అతనికి. కాలేయం గుండెకు రాస్తోంది: 'అల్లుడు వచ్చిండు, కోడిని పట్టుండ్రి.' గుండె జవాబు రాస్తోంది: 'గుడ్డు సాలు.' సిద్దిరాములుకు కళ్లు చెమ్మగిల్లాయి.

సరిగ్గా అప్పుడే, మేడ్చల్ దాటాక, అతని పక్కింటి భిక్షం బైకు మీద ఎదురొచ్చాడు.

"ఏమైందన్నా గింత నిమ్మలంగ పోతున్నవ్? గౌడవెల్లికెల్లేనా వస్తున్నవ్? అత్త మంచిగున్నదా?"

ముందు పెద్ద గుంత ఉంది. సిద్దిరాములు చూపు దాని మీంచి తిప్పలేదు. ఇక దేవుడే దాటించాలన్నట్టు ఒక చెయ్యి ఆకాశం వైపు ఎత్తాడు.

భిక్షం ఆ చేతిని చూశాడు. తడి కళ్లు, బంతిపూలు, మూసిన తెరలు, తెల్లబట్ట, మిణుకుతున్న లైట్లు చూశాడు. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. బైకు వెనక్కి తిప్పి, కారు వెంటే నడుపుతూ ఫోన్లు మొదలుపెట్టాడు.

శామీర్‌పేట వచ్చేసరికి వెనక పదకొండు బైకులు, రెండు ఆటోలు, ఒక ట్రాక్టరు. ట్రాక్టరులో డప్పులు. ఎవరో పేలాలు కూడా చల్లుతున్నారు. సిద్దిరాములు అద్దంలో చూసి, ట్రాఫిక్ మస్తుగా పెరిగిందనుకున్నాడు. చెరువు మీదుగా వస్తున్న డప్పుల చప్పుడు ఎక్కడిదో పెళ్లి అనుకుని, అలాగే ఊగుతూ సాగిపోయాడు.

రెండు గంటల గడువుకు ఇంకా పది నిమిషాలుండగా ల్యాబు చేరాడు. డబ్బాను పసిబిడ్డలా ఎత్తుకుని లోపలికి పోయాడు. గేటు దగ్గర వాచ్‌మన్ దేవేందర్ ఆ గుంపునంతా చూసి బిత్తరపోయాడు.

"ఈడ శవాలు తీస్కోరు సార్లూ!"

"ఇప్పుడే లోపటికి తీస్కపోయిండు గద! గంత చిన్న డబ్బాల ఎట్ల పట్టిందో పాపం," అని ఏడ్చాడు భిక్షం.

లోపల స్నిగ్ధ ఒక సీసాను వెలుతురుకు ఎత్తి చూసి, ఒక యంత్రంలో పెట్టి మూత వేసి మీట నొక్కింది. యంత్రం రయ్యిన తిరగడం మొదలైంది.

"ఏంది మేడం గది?"

"రక్తాన్ని తిప్పుతున్నాను. నిమిషానికి మూడు వేల చుట్లు."

సిద్దిరాములు యంత్రం మీదికి ఉరికాడు. "అయ్యో అత్తా!" అని అతను పెట్టిన కేక గేటు దాకా వినబడింది. బయట ఇంకా అనుమానంగా ఉన్నవాళ్లు కూడా గొల్లుమన్నారు.

అదే సమయానికి ఒక ఆటో ఆగింది. అందులోంచి యాదవ్వ రొమ్ము బాదుకుంటూ దిగింది. "నా అల్లుడేడి? బండెనక డప్పులు పోతున్నయని ఫోనొచ్చింది! ఇగ నా బిడ్డ గతేంది?"

డప్పులు ఆగిపోయాయి.

"అత్తా... నువ్వు బతికే ఉన్నవా?" అన్నాడు భిక్షం.

"నేనెందుకు సస్త? సచ్చింది అల్లుడు గద!"

పది నిమిషాలకు సిద్దిరాములు సీసా పట్టుకున్న స్నిగ్ధ వెంట బయటికి వచ్చాడు. సీసాలో కింద ఎరుపు, పైన లేత గడ్డిరంగు నీరు తేటగా ఉంది. ఒక్క కణం పగల్లేదు, క్యాబు పోలేదు. యాదవ్వ అల్లుణ్ని తడిమి తడిమి చూసి, వాటేసుకుని, ఇవాళ కోడి కోస్తానని అందరి ముందూ మాటిచ్చింది.

"మేడం, గంత గనం తిప్పితే పగలలేదేంది?"

"ఒకే తీరుగా, నున్నగా తిరిగితే ఏమీ కాదు. కుదుపులకే పగులుతుంది," అంది స్నిగ్ధ.

సిద్దిరాములు అర్థమైనట్టు తల ఊపాడు. తర్వాత యాదవ్వను ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు బిగించాడు. తుర్కపల్లి నుంచి గౌడవెల్లికి ఇరవై రెండు నిమిషాలు పట్టింది.