గట్టు దారి నడిచేవారికి మాత్రమే

రొయ్యల చెరువుల గట్టు దారి సర్వే పటంలోకి ఎక్కిన నాటి నుంచి ఆ పేటలో చనిపోయినవాళ్లు శ్మశానానికి సొంత కాళ్ల మీదే వెళ్తున్నారు. గట్టు ఆసామిది, దారి జనానిది అని సర్వేవాళ్లు తేల్చారు. పటంలో ఆకుపచ్చ గీత గీసి, పక్కన 'నడిచేవారికి మాత్రమే' అని రాశారు. ఆసామి కూడా మర్యాదస్తుడే, కోర్టుకెక్కలేదు. మనిషి పక్కకి తిరిగితే పట్టేంత ఇనప గేటు పెట్టించి ఊరుకున్నాడు. పాడె అందులో పట్టదు.

అందువల్ల పెద్ద ఇబ్బందేమీ రాలేదు. పాడెను సగం దారిలో దించి, పోయినవాళ్లని చెవిలో మూడుసార్లు పిలిచే ఆనవాయితీ ఎలాగూ ఉంది. దింపుడు కళ్లం అంటారు. ఇప్పుడు గేటు దగ్గరే దించుతున్నారు. మూడో పిలుపుకి వాళ్లు లేచి, మెడలో దండ సర్దుకుని, గేటు దాటి వెళ్లిపోతున్నారు.

చిక్కల్లా పోలయ్యతో వచ్చింది. పాపం, పక్షవాతంతో ఎడమ కాలు ఎప్పుడో పడిపోయింది. కూతురు వరాలు "నాన్నా" అని పిలిస్తే లేచాడు గానీ అడుగు పడలేదు. చీకటి పడితే గేటు మూసేస్తారు, శవం రోడ్డు మీదే ఉండిపోతుంది.

వరాలు తండ్రికి భుజం ఇవ్వబోయింది. కాపలా ఉండే చిట్టిబాబు అడ్డం వచ్చాడు.

"ఆనుకుంటే మోసినట్టేనమ్మా. మోత కుదరదంట."

"ఇన్నేళ్లూ నేనే మోశాను బాబూ. ఈ ఒక్క పూటా మొయ్యనీ," అని ఏడ్చింది వరాలు.

చిట్టిబాబూ మనసున్నవాడే. సర్వేయరు గారికి ఫోన్ చేశాడు. ఆయన మంచివాడు, పటం తెరిచి చూసి మరీ చెప్పాడు.

"పాకితే నడక కిందే రాసుకుంటాం. ఎవరూ ముట్టుకోవద్దనండి."

పోలయ్య పాకాడు. కొత్త పంచె మోకాళ్ల దగ్గర చిరిగింది. పేటలోని మగవాళ్లు ఒకరి వెనక ఒకరు చేతులు కట్టుకుని నడిచారు. "నెమ్మదిగా రా మావా, తొందరేం లేదు" అంటూనే పొద్దు వైపు చూసుకున్నారు. వెలుగుండగానే అతను గోతిలోకి దిగాడు. అదృష్టవంతుడన్నారు అందరూ.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక పోలయ్య భార్య మంగమ్మ మోకాళ్లకి నూనె రాసుకుంటూ కూతుర్ని దగ్గర కూర్చోబెట్టుకుంది.

"వచ్చే ఏడాదికి నాకీ మాత్రం నడకా ఉండదే. వానలు పడకముందే పోతే నయం. గట్టు బురదైతే నా వల్ల కాదు."

వరాలు కళ్లు తుడుచుకుంది. ఆసామి చెరువుల్లోనే ఆమెకు పని.

"రొయ్యల పట్టుబడి అయిపోనీ అమ్మా," అంది. "అప్పుడైతే నాకూ సెలవు దొరుకుద్ది."