చింతపండు నోరు, గట్టి బ్రష్షు

దేశం బాగుపడాలంటే జనం పళ్ళు గట్టిగా తోముకోవాలి. మెత్తగా తోముకునేవాళ్ళకు ఏ పనిమీదా పట్టుదల ఉండదు. కాదంటారా? అయితే హిందూపురం హజరత్‌వలిని చూడండి!

ఆయన చింతపండు నమిలి రకం తేల్చే మనిషి. రొద్దం నుంచి వచ్చిన బస్తా అయినా, గుడిబండ నుంచి వచ్చిన బస్తా అయినా, మార్కెట్ యార్డులో ఆయన ఒక రెబ్బ నమిలి తల ఊపితేనే బేరం కదిలేది. ఇరవై ఏళ్ళుగా ఆయన పరువంతా ఆ తల ఊపడంలోనే ఉంది.

అంత పులుపు తగిలిన నోటిని ఊరికే వదిలేస్తారా? ఇంటికి రాగానే, చెప్పులు కూడా విడవకుండా బ్రష్షు అందుకుంటాడు. అది బట్టల బ్రష్షుకు తమ్ముడు. దానిమీద ఈ కొస నుంచి ఆ కొసదాకా బొగ్గు పేస్టు, ప్రకటనలో హీరో వేసుకున్నట్టే! చిగుళ్ళు మండేదాకా తోమి, రెండు చెంబుల నీళ్ళతో పుక్కిలిస్తాడు.

భార్య రహమత్‌బీకి ఆ భాగ్యం లేదు. పొద్దంతా ఇంట్లో చింతపండు గింజలు తీస్తూ తనూ నాలుగు రెబ్బలు నములుతుంది. నోరు పుక్కిలించి వంటలో పడుతుంది. గిన్నెలు కడిగాక గానీ పళ్ళు తోమే తీరిక దొరకదు. పిల్లల మెత్తటి బ్రష్షు లాంటిదొకటి, బఠాణీ గింజంత తెల్ల పేస్టు, అంతే. పాపం!

ఆరు నెలల కింద హజరత్‌వలి పళ్ళు జివ్వుమనడం మొదలైంది. రెబ్బ నమలలేడు. యార్డులో తెలిస్తే ఇంకెవరు ఆయన తల వైపు చూస్తారు? “రేపు చెప్తా” అని రెబ్బలు జేబులో వేసుకుని ఇంటికి తెచ్చేవాడు. భయంకొద్దీ ఇంకో రెండు పూటలు తోముడు పెంచాడు. మంచినీళ్ళకు కూడా జివ్వుమన్నాయి. ఎవరికీ కనబడకుండా భార్యతో పెనుకొండ వెళ్ళి, పళ్ళ డాక్టరమ్మ ముందు నోరు తెరిచాడు.

“ఏమప్పా, పండ్లు తోముతాండావా, చెక్కుతాండావా?” అందామె. “పులుపు తింటే పంటి పైపొర మెత్తబడతాది. నోట్లో ఊరే ఉమ్ము దాన్ని మళ్ళా గట్టి చేస్తాది. దానికి టైమియ్యాల. నీళ్ళతో పుక్కిలించి, గంట ఆగి, మెత్తటి బ్రష్షుతో తోముకో. ఫ్లోరైడ్ పేస్టు రవ్వంత చాలు, పొరకు బలం. తోమినాంక ఉమ్మెయ్యి, నీళ్ళతో కడిగెయ్యొద్దు. అరిగిపోయిండేది మాత్రం మళ్ళా రాదు.”

రహమత్‌బీ నోరు కూడా చూసి, “ఈమె పండ్లు బాగుండాయి” అంది.

హజరత్‌వలికి ఒళ్ళు మండింది. ఉమ్మా? దానికి ట్యూబు లేదు, ప్రకటన లేదు, హీరో లేడు. అలాంటిదాన్ని ఎట్లా నమ్మడం?

బస్సులో మెల్లగా అడిగాడు. “రేపు యార్డులో ఎట్లమే?”

“ఆర్నెల్ల నుంచి నువ్వు జేబులో తెచ్చే రెబ్బలు నమిలి రకం చెప్తాండేది నేనే కదయ్యా” అంది రహమత్‌బీ. “రేపట్నుంచి యార్డుకు నేను పోతా. నువ్వు ఇంట్లో గింజలు తియ్యి. దానికి పండ్లతో పన్లేదు.”

గట్టిగా తోముకోవాలన్న నా మాటకు నేను కట్టుబడే ఉన్నాను. కాకపోతే ఇన్నాళ్ళూ ఆ ఇంటి పరువు నిలబెట్టిన ఉమ్మూ, రహమత్‌బీ పళ్ళూ ఏ ప్రకటనలోనూ కనబడవు. ఇప్పుడు యార్డులో రహమత్‌బీ తల ఊపితేనే బేరం కదులుతోంది. హజరత్‌వలి ఇంట్లో గింజలు తీస్తూ, ఒక రెబ్బ చప్పరించి, గంట ఎప్పుడవుతుందా అని గడియారం వైపు చూస్తున్నాడు.