సినిమాలో లేని పడవ

ఆ ఆదివారం పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. మ్యాట్నీకి వెళ్ళాలి, సినిమా చూడాలి, రాత్రి భోజనానికి ముందే ఒకటిన్నర పేజీ రాసేయాలి. నీటి సరఫరా ఆఫీసువాళ్ళ మాసపత్రిక సోమవారం అచ్చుకు వెళ్తుంది. అందులో "చూసొచ్చాం" అనే శీర్షిక రికార్డుల గుమాస్తాది. ఎనిమిదేళ్ళుగా నెలకో సినిమా గురించి తనకేమనిపించిందో రాస్తున్నాడు. అంతకుముందు ఆఫీసులో అతన్ని "ఏవండీ, మిమ్మల్నే" అని పిలిచేవారు. ఇప్పుడు "రివ్యూ గారూ" అంటున్నారు. ఆ పిలుపు నిలబెట్టుకోవడానికి అతను ఏమైనా చేస్తాడు, ఒక్క సినిమా చూడటం తప్ప.

పాపం, అది అతని చేతిలో లేదు. హాల్లో దీపాలు ఆరగానే కళ్ళు మూతపడిపోతాయి. పేర్లు పడటం పూర్తికాకముందే గురక మొదలవుతుంది. ఇంట్లో టీవీ ముందు కూర్చోబెట్టినా ఇదే వరస. అయినా ఎనిమిదేళ్ళుగా బండి నడుస్తోందంటే ఆ పుణ్యం భార్యది. హాలు నుంచి ఇంటికి ఇరవై నిమిషాల నడక. ఆ దారి పొడవునా ఆవిడ కథంతా పూసగుచ్చినట్టు చెబుతుంది. అతను ఇంటికి రాగానే దాన్ని కాగితం మీద పెట్టేస్తాడు. పత్రిక చేతికొచ్చేసరికి ఆ సినిమా ఎలాగూ హాలు ఖాళీ చేసి వెళ్ళిపోయేది.

ఆ ఆదివారం ఆవిడ చెప్పుల దగ్గర ఆగిపోయింది.

"ఏమండీ, నేను రాలేను. చెల్లి ఇల్లు మారుతోంది, సామాన్లు సర్దడానికి రమ్మని ఒకటే గొడవ."

"మరి సినిమా?"

"మీరొక్కరే వెళ్ళండి. ఒక్కపూట కళ్ళు తెరుచుకుని కూర్చుంటే సొమ్మేం పోయింది?"

వెళ్ళాడు. కూర్చున్నాడు. దీపాలు ఆరాయి. ఆ తర్వాత సంగతి చెప్పక్కర్లేదు. అయితే ఆ రోజు అతనికో కల వచ్చింది.

కలలో ఒక పెద్ద ఇల్లు. కిటికీల దాకా నీళ్ళు. ఆ నీళ్ళ మీద ఒకామె చిన్న పడవలో గది నుంచి గదికి వెళుతోంది. తెడ్డు పడినచోట చప్పుడు లేదు. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, ఆ గదిలో ఎప్పుడో ఉండి వెళ్ళిపోయినవాళ్ళని మెల్లగా పిలుస్తోంది. బీరువా మీద కూర్చున్న ముసలాయన పేపరు చదువుతూ పేజీ తిప్పితే, పేజీల మధ్య నుంచి వెండి చేపలు జారి నీళ్ళలోకి పోతున్నాయి. చివరికి పడవ నిలువుటద్దంలోకి వెళ్ళిపోయింది. అద్దం అవతల తెల్లవారుతోంది. అతనికి దుఃఖమో సంతోషమో తెలియని హాయి కలిగింది. లేచేసరికి హాలు ఊడ్చేవాడు "సార్, కాళ్ళు" అంటున్నాడు.

ఇంటికొచ్చాక భార్య అడిగింది. "ఎలా ఉంది?"

వేరే దారి లేక కలనే సినిమా కథగా చెప్పాడు. ఆవిడ మడతపెడుతున్న దుప్పటి అలాగే పట్టుకుని వింది.

"అయ్యో, ఇంత మంచి సినిమా పోగొట్టుకున్నానే! ఇదే రాయండి, ఒక్క ముక్క కూడా మార్చకండి."

మార్చలేదు.

ఎన్నడూ లేనిది ఈసారి పత్రిక సినిమా ఇంకా ఆడుతుండగానే వచ్చేసింది. ఆ రోజే మేనేజరు గారు సకుటుంబంగా సినిమాకి వెళ్ళారు, తిరిగొస్తూ హాలు యజమానిని నిలదీశారు. "పడవ సీను ఏదండీ? కోసేశారా?" యజమాని ఆపరేటరు మీద విరుచుకుపడ్డాడు. ఆపరేటరు పిల్లల మీద ఒట్టేసి, తాను అంగుళం కూడా కోయలేదన్నాడు. మర్నాడు మరో పదిమంది అడిగారు. ఆ పై రోజు యాభైమంది. విసుగెత్తిన యజమాని టిక్కెట్ల కిటికీ పక్కన బోర్డు పెట్టించాడు: "ఈ సినిమాలో పడవ సీను లేదు. దయచేసి అడగవద్దు."

జనం సంగతి తెలిసిందే. లేదని అంత గట్టిగా చెబుతున్నారంటే ఏదో ఉండే ఉంటుందని ఎగబడ్డారు. శుక్రవారం ఎత్తేయాల్సిన సినిమా మూడో వారంలో పడింది. ఆఫీసు రెండు వర్గాలైంది. పడవ లేనేలేదని బిల్లుల సెక్షను, ఉందని టైపిస్టమ్మ. "కళ్ళారా చూశాను, నాకు ఏడుపొచ్చింది కూడా" అని ఆవిడ కుండబద్దలు కొట్టింది. గుమాస్తా మాత్రం రికార్డుల గదిలోంచి బయటికి రావడం మానేశాడు. కుక్కిన పేనులా పాత ఫైళ్ళ మధ్య కూర్చుని, కొత్త ఫైళ్ళకి కూడా దుమ్ము పట్టేదాకా కదలకూడదనుకున్నాడు.

మేనేజరు గారే అక్కడికి వచ్చారు.

"రివ్యూ గారూ, నాకు ఇంటర్వెల్ తర్వాత కాస్త కునుకు పట్టింది. అప్పుడే వచ్చి పోయిందేమో తెలీదు. శనివారం మధ్యాహ్నం ఆఫీసంతా వెళుతున్నాం. మీరు నా పక్కన కూర్చోండి. పడవ రాగానే నా మోచెయ్యి తట్టండి."

"రాకపోతే సార్?"

"రాకపోతే శీర్షిక బిల్లుల సెక్షనుకి ఇచ్చేద్దాం. ఇందులో మొహమాటం ఏముంది?"

శనివారం గుమాస్తాకి ఎడమపక్క మేనేజరు గారు, కుడిపక్క భార్య. జేబులో ఫైళ్ళకి గుచ్చే గుండుసూది. దీపాలు ఆరాయి. రెప్ప వాలినప్పుడల్లా తొడ మీద పొడుచుకున్నాడు. అలా పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక సినిమా మొత్తం చూశాడు. ముగ్గురన్నదమ్ములు ఒక గోడ గురించి మాట్లాడుకున్నారు. గోడ ఎవరిదని రెండు గంటలు వాదించారు. ఇంటర్వెల్ తర్వాత గోడ కొలిచారు. నీళ్ళ చుక్క కూడా లేదు.

ఇక తన పని అయిపోయిందనుకుని, ధైర్యం కోసం భార్య చెయ్యి పట్టుకుందామని కుడివైపు తిరిగాడు. ఆవిడ తల పక్కకి వాల్చి, కళ్ళజోడు ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్లలా నిద్రపోతోంది. తెర వెలుగు మొహం మీద నీడలై కదులుతుంటే నిద్రలోనే దేనికో నవ్వింది. గుమాస్తా గుండుసూది సంగతి మరిచిపోయాడు. కాసేపటికి ఎడమవైపు చూశాడు. మేనేజరు గారి గడ్డం ఛాతీకి ఆనింది. వెనక వరసలో టైపిస్టమ్మ. ఆ వెనక బిల్లుల సెక్షను మొత్తం. హాలంతా ఒకే లయలో ఊపిరి తీస్తోంది. మేలుకుని ఉన్నవాళ్ళు ఇద్దరే, తనూ, గోడ కొలుస్తున్న పెద్దన్నయ్యా.

దీపాలు వెలిగాయి. మేనేజరు గారు ఉలిక్కిపడి లేచి టై సర్దుకున్నారు.

"అద్భుతం! పడవ చూశానండీ."

"నేను... తట్టలేదు కదా సార్?"

"తట్టారు. తట్టకపోతే నాకెలా తెలుస్తుంది?" అన్నారు మేనేజరు గారు కాస్త కోపంగా.

"అద్దంలోకి వెళ్ళినప్పుడు ఒళ్ళు జలదరించింది" అన్నాడు బిల్లుల సెక్షను పెద్ద, కళ్ళు నులుముకుంటూ. శీర్షిక నిలబడింది. అందరూ వచ్చి గుమాస్తా చెయ్యి ఊపి వెళ్ళారు.

ఇంటిదారిన వీధిదీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. భార్య చెయ్యి పట్టుకుంది.

"మీరు ఎలాగూ నిద్రపోయి ఉంటారు. కథ చెబుతాను వినండి. ఒక ఊళ్ళో గడియారాలు బాగుచేసేవాడు ఉంటాడు. వాడి దగ్గరికి ఒకావిడ ఆగిపోయిన సాయంత్రాన్ని పట్టుకొస్తుంది, బాగుచేసిపెట్టమని..."

గుమాస్తా విన్నాడు. ఎనిమిదేళ్ళుగా విన్నట్టే, కానీ మొదటిసారి విన్నట్టు. తను రాసినవాటిలో ఏ ఒక్కటీ ఏ తెర మీదా పడలేదని తెలిసి అతనికి నవ్వొచ్చింది. ఆ వెంటనే ఆవిడ మీద పట్టలేనంత ప్రేమ ముంచుకొచ్చింది. మలుపు దగ్గర ఆవిడ ఆగి, చిన్న గొంతుతో అడిగింది.

"ఏమండీ, ఇదంతా ఆ సినిమాలోదేనంటారా?"

"మరి? నేనూ చూశాగా" అన్నాడు.

మరుసటి నెల శీర్షిక గడియారాలవాడి గురించి వచ్చింది. తాను కళ్ళారా చూసిన ఏకైక సినిమా గురించి మాత్రం అతను జీవితంలో ఒక్క వాక్యం కూడా రాయలేదు.