ఆదర్శ మాస్టారు, రోజుకు మూడు ఆటలు

ఉపాధ్యాయుల్లో అంకితభావం నలభై రెండు శాతం పడిపోయిందని 2006 జనవరిలో కర్నూలులోని ప్రేరణ విభాగం కనిపెట్టింది. (దేంతో కొలిచారని అడగటం కూడా అంకితభావలోపం కిందికే వస్తుంది.) మందు కూడా విభాగమే రాసింది: ఆదర్శ ఉపాధ్యాయుల మీద తీసిన పాత నలుపు తెలుపు సినిమాలు, రోజుకు మూడు ఆటలు, మంగళవారం నుంచి గురువారం దాకా. కర్నూలు హాల్లో హాజరు తప్పనిసరి. కన్నీళ్లు ఐచ్ఛికం, కానీ నమోదు చేస్తారు.

ఆలూరు దగ్గర ఓ పల్లెలో ఏకోపాధ్యాయ పాఠశాల నడిపే దేవేంద్రప్ప మినహాయింపు కోరాడు. పంటల్లేని ఆ ఊరి జనం గుంటూరు వైపు మిరపకోతలకు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోయేది ఆ వారమే. ఏటా లారీ వచ్చే రోజున అతను ఇంటింటి గడప మీద కూర్చుని, పిల్లల్ని అవ్వల దగ్గర వదిలేదాకా లేచేవాడు కాదు. ఈసారి దిగులంతా ఐదో తరగతి సుంకులమ్మ గురించే. ఆ పిల్ల చేత గురుకుల పరీక్ష రాయించాలని అతని పట్టుదల.

"బుధవారం లారీ వస్తాది సార్. నేను గడప కాడ లేకపోతే వాళ్ల నాయన సుంకన్న పిల్లను ఎక్కిచ్చుకోని పోతాడు" అన్నాడు ప్రేరణాధికారి కిరణ్‌కుమార్‌తో.

"బుధవారం రెండో ఆటలో ఇదే సీను ఉండాది దేవేంద్రప్పా. మాస్టారు బండికి అడ్డం పండుకుంటాడు. శానా బాగుంటాది. చూసి నేర్చుకో" అన్నాడు కిరణ్‌కుమార్, ఎంతో సానుభూతితో.

బుధవారం మధ్యాహ్నం మాస్టారు బండికి అడ్డం పడుకున్నాడు. హాలంతా ఏడ్చింది. (అటెండరు వరసలవారీగా లెక్క రాసుకున్నాడు.) దేవేంద్రప్ప ఏడవలేదు. విరామంలో ఎస్టీడీ బూత్‌కు పోయి ఊళ్లో ఉన్న ఒక్క ఫోనుకు కలిపాడు. అంగడి రాజ్యలక్ష్మమ్మ ఎత్తింది.

"లారీ పొద్దున్నే పాయ సార్. సుంకులమ్మ సంచి తగిలిచ్చుకోని బడి కాడ నీకోసరం శానాసేపు నిలబడె. తాళం ఉండె గదా. వాళ్ల నాయనొచ్చి పిల్చుకోని పాయ."

(ఇది రాస్తుంటే నాకు ఒళ్లు మండుతోంది. విభాగం దృష్టిలో అదీ ప్రేరణే కావచ్చు.)

మిగతా నాలుగు ఆటలూ దేవేంద్రప్ప కదలకుండా చూశాడు. ఆట మొదలుకాగానే తలుపులకు బయట గొళ్లెం పెట్టేవారు. గురువారం సాయంత్రం రాతపరీక్ష జరిగింది. మిమ్మల్ని బాగా కదిలించిన సన్నివేశం ఏదన్న ప్రశ్నకు అతను ఒక్క ముక్క రాశాడు: 'మాస్టారు బడిలో ఉండటం.'

అది సన్నివేశం కాదని విభాగం సున్నా వేసింది.