జోయా కాగితం మీద నలభై మూడు సంతకాలు

"ముందు సలాం, తర్వాత పేరు. మల్ల చెప్పు బేటా," అంది గోరీబీ, మనుమరాలి గడ్డం పట్టుకుని.

"నా పేరు జోయా. మాది జనగామ. నేను మంచిగున్న. మీరెట్లున్నరు?" ఏడేళ్ల జోయా గోడ వంక చూస్తూ ఒక్క గుక్కలో అప్పజెప్పింది.

"కండ్లల్లకు చూసి చెప్పాలె!"

"అమ్మీ, గది పరీక్ష కాదని ఎన్నిసార్లు చెప్పాలె?" కోడలు తాహెరా టిఫిన్ డబ్బా మూత గట్టిగా నొక్కింది. ఆరింటికి మొదలైన వాదన ఇది. "పిల్ల ఉన్నది ఉన్నట్టుంటెనే డాక్టరమ్మకు ఎరుకయితది."

"ఫేలయితె బడిలకెళ్లి తీసేస్తరు. అప్పుడు నువ్వు చదివిస్తవా?"

తాహెరా బాధ వేరు. పిలిస్తే పలకడం లేదని జోయాను బళ్లో రోజూ తలుపు బయట కూర్చోబెడుతున్నారు. అది మొండితనమో, ఆటిజమో తేలితే తప్ప బడివాళ్లను నిలదీయలేదు. హన్మకొండ డాక్టరమ్మ దగ్గర తేదీ దొరకడానికే మూడు నెలలు పట్టింది. తీరా ఆ తేదీకి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె, బస్సుల్లేవు.

బస్టాండులో టైమ్‌కీపర్ అయిన జోయా తండ్రి మక్బూల్ కూడా సమ్మెలోనే ఉన్నాడు. బస్సులు ఆగిన నాటి నుంచీ అతని కాలు ఒకచోట నిలవడం లేదు. "ఏడూ పదికి హన్మకొండ బండి పోవాలె," అని వాకిట్లో తిరుగుతూ గాలికి చెప్పాడు.

నలుగురూ ఆటోలో బయల్దేరారు. స్టేషన్ ఘన్‌పూర్‌లో సమ్మెవాళ్లు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఒకాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎటు పోతున్నరు?"

"నా పేరు జోయా. మాది జనగామ. నేను మంచిగున్న. మీరెట్లున్నరు?"

ఆయన పొంగిపోయాడు. "ఎంత మర్యాదున్న పిల్ల! తినే పోవాలె," అని విస్తర్లు వేయించాడు.

"పదకొండింటికి దవాఖానల ఉండాలె అన్నా," అని తాహెరా బతిమాలుతుండగానే మరో ముగ్గురు జోయాను పలకరించారు. ముగ్గురికీ అదే జవాబు దొరికింది. ముగ్గురూ మళ్లీ వడ్డించారు.

"చూసినవా, పాసయింది," అంది గోరీబీ.

పన్నెండున్నరకు చేరారు. డాక్టరమ్మ విసుక్కోకుండా, బడి నుంచి టీచర్ నింపి పంపాల్సిన కాగితం అడిగింది. గోరీబీ ఠీవిగా తీసిచ్చింది. బడులు మూసి ఉండడంతో గోరీబీ ముందురోజే దాన్ని జోయా క్లాసు స్వప్న టీచర్ కూర్చున్న దీక్షా శిబిరానికి తీసుకెళ్లింది. టీచర్ మొహమాటపడి అన్నిటికీ 'బాగుంది' అని టిక్కు పెట్టి సంతకం చేసింది. శిబిరంలోకి వచ్చిన కాగితం ఒక్క సంతకంతో బయటికి పోయే రోజులు కావవి. వరస చివరిదాకా చేతులు మారింది.

"ఈ నలభై ముగ్గురికీ పాప తెలుసా?" అంది డాక్టరమ్మ. కాగితం అడుగున 'జై తెలంగాణ' అని కూడా ఉంది.

తాహెరాకు ఏడుపు ఆగలేదు. "అంతా అబద్ధం మేడం. రోజూ బయట కూసోబెడుతరు."

"పరేషాన్ కాకమ్మా. ఒక్క కాగితంతోని, ఒక్క రోజుతోని తేల్చేది కాదిది. టీచర్‌తోని నేనే మాట్లాడుత."

ఆమె బొమ్మలు కింద పెట్టింది. జోయా చిన్న బస్సులన్నీ ఏరి వరసగా పేర్చింది. రెండుసార్లు పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడలేదు. డాక్టరమ్మ సబ్బు బుడగలు ఊది, సీసా మూత బిగించి, మళ్లీ కావాలని ఎలా అడుగుతుందోనని ఎదురుచూసింది. జోయా ఆమె ముఖం చూడకుండా, ఆమె చేతిని పట్టుకుని మూత మీద పెట్టింది. డాక్టరమ్మ ఏదో రాసుకుంది. ఆమె రాసిన ప్రతి మాటా గోరీబీకి మార్కులు కోసేసినట్టే అనిపించింది. ఇక ఓర్చుకోలేకపోయింది.

"ఏంది డాక్టరమ్మా గట్ల రాసుడు! మా మక్బూల్ గూడ గింతే. నాలుగేండ్ల దాక నోరు తెరవలే. పిలిస్తె చూడకపోయేది. అగ్గిపెట్టెలు వరస పెట్టెటోడు, ఒక్కటి జరిపితె పొద్దుగూకేదాక ఏడ్సెటోడు. ఇప్పటికీ షాదీలకు పోతె లోపలికి రాడు, తలుపు కాడనే నిలబడుతడు. మరి నౌకరి చేస్తలేడా?"

అందరూ మక్బూల్ వైపు తిరిగారు. అతను నేల మీద కూర్చుని, జోయా వరసలో వంకరగా ఉన్న మూడో బస్సును సరిచేస్తున్నాడు. జోయా అభ్యంతరం చెప్పలేదు.

డాక్టరమ్మ కొత్త కాగితం తీసింది. "మీకు ఇష్టమైతెనే మక్బూల్ గారూ. పెద్దోళ్లకు గూడ చూస్తం. చిన్నప్పటి సంగతులు చెప్పేటోళ్లు ఒకరుండాలె."

"నేనున్న గద!" అంది గోరీబీ.

సాయంత్రం అన్నాల దగ్గర, పళ్లెం వంక చూస్తూ మక్బూల్ మెల్లగా చెప్పాడు. "జోయాను ఇంక రెండుసార్లు తీసుకరమ్మన్నరు. వచ్చే బేస్తారం నేను గూడ చూపించుకుంట. పేరు రాయించిన."

తాహెరా అతని పళ్లెంలో ఇంకో గరిటె కూర వేసింది. గోరీబీ ముందుకు జరిగి కొడుకు గడ్డం పట్టుకుంది.

"ముందు సలాం, తర్వాత పేరు. చెప్పు బేటా."