చేతులెత్తిన సభ

"కంపెనీ చేతులెత్తేయకుండా ఉండాలంటే వాటాదారులు చేతులెత్తాలి!"

మా గొడుగుల కంపెనీ వార్షిక సమావేశంలో ఛైర్మన్‌గారు పలికిన తొలి పలుకులివి. హాలు చప్పట్లతో మారుమోగింది. ఉద్యోగులమంతా తలా కాసిని వాటాలున్నవాళ్లమే, జీతం మీద మమకారం ఉన్నవాళ్లమే. అందుకని ముందు కొట్టింది మేమే!

ఆ రోజు తీర్మానం ఒక్కటే. ఛైర్మన్‌గారి అల్లుడుగారిని మేనేజింగ్ డైరెక్టర్ని చెయ్యడం. అల్లుడుగారు సామాన్యులు కారు. ఎంత గాలి వీచినా తిరగబడని గొడుగు కనిపెట్టారు. ఎలాగంటే, గుడ్డ నిండా చిల్లులు పెట్టించారు! గాలి నిజంగానే దాన్నేమీ చెయ్యలేకపోయింది. వాన సంగతి వేరే విభాగం చూసుకోవాలన్నారు.

"అతడి ముందుచూపు ఈ దేశానికే..." అని ఛైర్మన్‌గారు పొగుడుతుంటే, ముందు వరసలో ఆయన భార్య ఆనందంతో కళ్లు ఒత్తుకున్నారు.

"అనుకూలురు చేతులెత్తండి!"

హాలంతా చేతులే. నేనైతే రెండూ ఎత్తాను. నా పక్కన మా బాబాయి మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నాడు. రిటైరైనప్పుడు వచ్చిందంతా తెచ్చి ఈ కంపెనీ వాటాల్లో పోసిన మనిషి.

"బాబాయ్, నీకు పుణ్యముంటుంది, ఎత్తు!"

"ఆ గొడుగేసుకుని తడిసి మంచమెక్కింది మీ పిన్నిరా! ఎత్తను గాక ఎత్తను!"

"వ్యతిరేకులెవరైనా ఉన్నారా?" అని ఛైర్మన్‌గారు మాటవరసకి అడిగారు. బాబాయి చెయ్యి లేచింది!

నేను నా కుర్చీ జానెడు అవతలికి జరుపుకున్నాను. రక్తసంబంధం రక్తసంబంధమే, ప్రమోషన్ ప్రమోషనే.

కంపెనీ సెక్రటరీ పరుగున వచ్చాడు. "ఒంట్లో బాగాలేదా సార్? మంచినీళ్లు తెప్పించనా?"

"నీళ్లు కాదు నాయనా, చీటీలు తెప్పించు. చేతులెత్తితే మనిషికో ఓటు. చీటీలేస్తే వాటాకో ఓటు. చీటీలే కావాలి. అడిగే హక్కు నాకుంది."

సెక్రటరీ మొహం పాలిపోయింది. ఛైర్మన్‌గారు మాత్రం ఉత్సాహంగా మైకందుకున్నారు. "ఇవ్వండి, వెంటనే ఇవ్వండి! ప్రజాస్వామ్యం మన ఊపిరి!"

చీటీలు ఆడిటర్‌గారు తప్ప మరెవరూ చూడరన్నారు. అయినా అందరం పరీక్ష రాసే పిల్లల్లా అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాం. నేను "వద్దు" అని ఎడంచేత్తో రాశాను.

లెక్క తేలింది. ఆడిటర్‌గారు గొంతు సవరించుకున్నారు. "తీర్మానం వీగిపోయింది. నూటికి తొంభై వాటాలు వ్యతిరేకం."

బాబాయి తనే నమ్మలేక నా భుజం పట్టుకున్నాడు. అల్లుడుగారు తనకెవరో అన్యాయం చేశారన్నట్టు అందరి మొహాలూ చూశారు. ఛైర్మన్‌గారు రుమాలు తీసి, పొడి కళ్లు తుడుచుకున్నారు.

"గుండె బద్దలవుతోంది! అయినా మీ తీర్పు నాకు శిరోధార్యం. ఈ చిన్న వాటాదారులకి మా అల్లుడి విలువ తెలిసిరాలేదు!"

అప్పుడు లేచారు ముందు వరసలోంచి ఆవిడ.

"ఒక్క మాట ఆడిటర్‌గారూ. ఈ కంపెనీలో మా ఆయన వాటా ఎంత?"

ఆడిటర్‌గారు ఛైర్మన్‌గారి వంక చూశారు. తర్వాత పైకప్పు వంక చూశారు.

"నూటికి అరవై అమ్మా."

హాలంతా వేళ్ల మీద లెక్కలేసుకుని ఛైర్మన్‌గారి వంక తిరిగింది.

"సభ ముగిసింది!" అన్నారు ఛైర్మన్‌గారు హడావిడిగా.

"ఇక్కడ ముగిసింది. ఇంటికి పదండి, అక్కడింకా మొదలవలేదు," అన్నారావిడ కొంగు దోపుకుంటూ. "అక్కడ నూటికి నూరు వాటాలూ నావే!"